గోదాములో నిల్వ చేయకుండా సరుకును లారీ నుంచి లారీకి మార్చే ముందు జాగ్రత్తలు

ఇలా నేరుగా మార్చే పద్ధతి అయిన క్రాస్ డాకింగ్‌లో సరుకు ఆగడానికి చోటు ఉండదు కాబట్టి, తీసుకువెళ్లే లారీ వచ్చి నిలిచిందని నిర్ధారించుకున్న తర్వాతే తెచ్చిన లారీ సీలు తెరవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం. వాహనం మారినప్పుడు సరుకు కదలకముందే అందులో వాహనం వివరాలుండే పార్ట్-బిలో కొత్త లారీ నంబరు నమోదు చేయాలి. సాధారణ సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది గనుక, డాక్‌లో (సరుకు దించి ఎక్కించే చోట) గడిచే గంటలు కూడా అందులోంచే తరిగిపోతాయి. పాత నంబరుతో బండి కదిలి తనిఖీలో ఆగిపోతే, ఆ భారం డ్రైవరు మీద పడటం ఎంతమాత్రం న్యాయం కాదు.

పెట్టెల మీద గమ్యస్థానం లేబుళ్లు లేకపోతే దించవద్దు. ఫోర్క్‌లిఫ్టు లారీలోకి ఎక్కేముందు ఆ లారీ చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టి, దాని తాళంచెవి తీసుకోవాలి. తడిసిన, పగిలిన పెట్టెలను ఫొటో తీసి, ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ మీద అక్కడికక్కడే రాసి సంతకం చేయించుకోవాలి. రెండో లారీలోకి ఎక్కించాక బాధ్యత ఎవరిదో తేల్చడం చాలా కష్టం.