విదేశీ కోర్టు పరువు నష్టం తీర్పు ఇచ్చిందని బెదిరిస్తే ఏం చేయాలి?

మా బరంపురంలో వెనక వీధి కుర్రవాడొకడు దుబాయిలో వెల్డింగ్ పని చేసి తిరిగి వచ్చాడు. తనకు నాలుగు నెలల జీతం ఎగ్గొట్టారని, కంపెనీ పేరుతో సహా ఫేస్‌బుక్‌లో తెలుగులో రాశాడు. కొన్నాళ్లకు వాట్సాప్‌లో ఒక అరబ్బీ కాగితం ఫొటో వచ్చింది. అడుగున గుండ్రటి నీలం ముద్ర. వెంటనే ఇంకో సందేశం: పరువు తీసినందుకు పరిహారం కట్టకపోతే మీ ఇల్లు జప్తు చేయిస్తాం. ఆ రాత్రే అతను పోస్టు తీసేశాడు. వాళ్లమ్మ ట్రంకు పెట్టెలోని ఇంటి పట్టా తీసి చెల్లెలి ఇంటికి పంపేసింది. కోర్టు కాగితాలు తర్జుమా చేసే పని నాది కాబట్టి మర్నాడు ఆ ఫొటో నా దగ్గరకు వచ్చింది. నిజం చెప్పిన మనిషి అలా వణికిపోవడం చూసి నాకు కడుపు రగిలిపోయింది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లెవరికైనా రేపు ఇదే జరగవచ్చు.

మొదట, వచ్చిన కాగితం ఏమిటో తేల్చుకోండి. లాయరు నోటీసా, సమనా, తీర్పా? పరదేశపు సివిల్ కోర్టు సమన్లు మన దేశంలో అందించడానికి ఒక పద్ధతి ఉంది. సమన్ల మీద కుదిరిన హేగ్ ఒప్పందంలో భారత్ 2006లో చేరింది. నేరుగా తపాలాలో పంపే పద్ధతికి మాత్రం ఒప్పుకోలేదు. కేంద్ర న్యాయ శాఖ ద్వారానే అవి రావాలి. దుబాయి ఉన్న దేశం ఎమిరేట్స్‌తో (యూఏఈ) మనకు విడిగా ఒప్పందం ఉంది, అక్కడా దారి ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికే. వాట్సాప్ ఫొటో ఆ దారిన వచ్చిన సమను కాదు. అయినా దాన్ని చెరిపేయకండి. ఏ తేదీన, ఏ నంబరు నుంచి వచ్చిందో రాసి పెట్టుకోండి.

తర్వాత, తీర్పు ఏ దేశానిదో చూడండి. అసలు తేడా ఇక్కడే ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ కింద కేంద్రం గుర్తించిన దేశాల పైకోర్టుల డిక్రీని, అంటే తీర్పు ఉత్తర్వును, తిన్నగా మన జిల్లా కోర్టులో దాఖలు చేసి అమలు కోరవచ్చు. బ్రిటన్, సింగపూర్, మలేషియా ఆ జాబితాలో ఉన్నాయి. 2020 జనవరిలో ఎమిరేట్స్ కూడా చేరింది. అమెరికా, సౌదీ అరేబియా లేవు. అక్కడి తీర్పు పట్టుకొచ్చినవాళ్లు దాని ఆధారంగా ఇక్కడ కొత్త దావా వేయాలి, అదీ తీర్పు వచ్చిన మూడేళ్లలోపు. ఎమిరేట్స్ 2021 సైబర్ నేరాల చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో దూషిస్తే రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దిర్హాముల దాకా జరిమానా పడవచ్చు. జరిమానా సొమ్మును 44ఎ కింద ఇక్కడ వసూలు చేయలేరు. పరిహారం డిక్రీ సంగతి వేరు. మీరు మళ్లీ అక్కడికి పనికి వెళ్లాలనుకుంటే మాత్రం ఈ లెక్కలేవీ చాలవు, ఆ దేశపు కేసును ఆ దేశంలోనే తేల్చుకోవాలి.

కేసు ఇంకా నడుస్తుంటే అక్కడి కోర్టులో హాజరు కావాలా వద్దా అన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. తొందరపడి జవాబు దాఖలు చేస్తే ఆ కోర్టు అధికారాన్ని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ దేశంలో నివాసం లేని మనిషి మీద, అతను తనంతట తాను లోబడకపోతే, ఇచ్చిన డబ్బు తీర్పు చెల్లదని ఫరీద్‌కోట్ రాజా కేసులో, బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ 1894లోనే చెప్పింది. మా కుర్రవాడు దావా పడేనాటికే ఇంటికి వచ్చేశాడు. కానీ ఉద్యోగ ఒప్పందంలో వివాదాలన్నీ ఫలానా కోర్టులోనే అన్న షరతు మీద సంతకం పెట్టి ఉంటే ఈ వాదన బలహీనపడుతుంది. ఒప్పందం చివరి పేజీ దాకా చదివించుకోండి.

డిక్రీ నిజంగానే బరంపురం జిల్లా కోర్టుకు వచ్చిందనుకుందాం. జప్తు చేసే కోర్టు ఉద్యోగి అమీనా మర్నాడే ఇంటి తలుపు తట్టడు. అదే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 22 ప్రకారం ముందు మీకు నోటీసు ఇవ్వాలి. దాన్ని తీసుకోనని తిప్పి పంపకండి. తేదీ వేసి సంతకం పెట్టి తీసుకోండి, లాయరు చేత అభ్యంతరాలు దాఖలు చేయించండి.

అభ్యంతరాలకు ఆధారం సెక్షన్ 13. ఆ కోర్టుకు అధికారం లేదు, గుణదోషాలు విచారించకుండా తీర్పు ఇచ్చారు, భారతీయ చట్టం వర్తించే చోట దాన్ని పట్టించుకోలేదు, మీ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వలేదు, మోసం చేసి తీర్పు తెచ్చుకున్నారు: వీటిలో ఏ ఒక్కటి రుజువైనా అమలు ఆగిపోతుంది. సాక్ష్యం చూడకుండా ఇచ్చిన ఏకపక్ష తీర్పు గుణదోషాల మీద ఇచ్చినది కాదని ఇంటర్నేషనల్ వూలెన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. అయితే మీరు రాకపోయినా సాక్ష్యం పరిశీలించి ఇచ్చిన తీర్పు నిలబడవచ్చు. సెక్షన్ 14 ప్రకారం, సర్టిఫైడ్ కాపీ చూపిస్తే ఆ కోర్టుకు అధికారం ఉందనే మొదట భావిస్తారు. లేదని చూపించాల్సింది మీరే.

సెక్షన్ 13లో వాక్ స్వాతంత్ర్యం అన్న మాట ఎక్కడా లేదు. నన్ను బాధపెట్టేది అదే. అమెరికా రచయిత్రి రేచల్ ఎరెన్‌ఫెల్డ్ పుస్తకం ఇంగ్లండులో అమ్ముడుపోయినవి 23 ప్రతులు. అంతమాత్రానికే అక్కడి కోర్టు 2005లో ఆమెకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఆ ఉదంతం తర్వాత, తమ రాజ్యాంగం ఇచ్చినంత రక్షణ ఇవ్వని విదేశీ పరువు నష్టం తీర్పులను అమలు చేయకూడదని అమెరికా 2010లో చట్టం చేసింది. ఇంగ్లండు కూడా 2013లో బయటివాళ్ల మీద వేసే ఇలాంటి దావాలకు గట్టి అడ్డు పెట్టుకుంది. మనకూ అలాంటి చట్టం కావాలి. వచ్చేదాకా మీ లాయరు మన రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే 19(1)(ఎ) అధికరణాన్ని సెక్షన్ 13 కారణాలతో ముడిపెట్టి వాదించాల్సిందే.

ఆస్తిని బంధువుల పేర రాసేయకండి, అప్పు ఎగవేయడానికే చేశారని తేలితే ఆ బదిలీ రద్దవుతుంది. పట్టా దాచినంత మాత్రాన జప్తు ఆగదు. సెక్షన్ 60 ప్రకారం వంట పాత్రలు, పరుపులు, చేతిపనివాళ్ల పనిముట్లు, ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుంచి తీయకూడని పుస్తెల వంటి నగలు జప్తు చేయకూడదు. ఈ మాట చెప్పాక ఆ తల్లి మెడలో సూత్రం ఒకసారి తడుముకుంది.

చివరిగా సాక్ష్యం. మీ పోస్టు, దాని తేదీ, జీతం చీటీలు, బ్యాంకు పద్దులు, సూపర్‌వైజరు పంపిన సందేశాలు భద్రం చేయండి. ఫోనులోని సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కావాలి, కాబట్టి ఆ ఫోను అమ్మేయకండి. కంపెనీ ఇక్కడే కేసు వేసినా ఈ కాగితాలే మీకు అండ. పరువు నష్టం సివిల్ దావాకు మన దగ్గర గడువు ఒక ఏడాది, రాసింది నిజమని రుజువు చేస్తే దావా నిలవదు.

లాయరు ఫీజుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, చట్టం చెప్పిన మరికొన్ని వర్గాలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. వెళ్లేటప్పుడు కాగితాలతో పాటు అవి వచ్చిన కవరు కూడా తీసుకెళ్లండి. నోటీసు ఎప్పుడు అందిందన్న తగాదా వస్తే దాని మీది తపాలా ముద్ర పనికొస్తుంది.