దెయ్యం కామెడీ స్క్రిప్టులో రంగు జోకుల్ని ఏరిపారేయడం ఎలా

కర్నూలు చుట్టుపక్కల ఇప్పుడు నలుగురు కుర్రాళ్లు, ఒక మంచి ఫోను కలిస్తే షార్ట్ ఫిల్మ్ తీసేస్తున్నారు, వాటిలో దెయ్యం కామెడీలే ఎక్కువ. ఎందుకో అందరికీ తెలుసు. పాడుబడ్డ రాతిమిద్దె ఒకటి, టార్చిలైటు ఒకటి, భయపడే ముఖాలు నాలుగు ఉంటే కథ నడిచిపోతుంది. నేనూ అలాంటివి రాశాను, తీశాను. అందులో నేను చేసిన తప్పు ఇంకెవరూ చేయకూడదనే ఇది రాస్తున్నా.

మూడేళ్ల కిందట బనగానపల్లె దారిలో ఒక పాత మిద్దెలో షూటింగ్ పెట్టుకున్నాం. నేను రాసిన సీను ఇది: కరెంటు పోతుంది, చీకట్లో పళ్లు మాత్రమే కనపడతాయి, అందరూ దెయ్యమని కేకలు పెట్టి ఒకరి మీద ఒకరు పడతారు, లైటు వచ్చాక చూస్తే అది మా వాడే. మా బ్యాచ్‌లో వాడు నల్లగా ఉంటాడు కాబట్టి ఆ వేషం వాడికిచ్చాను, అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. "నవ్వు మామా, లేకుంటే ఫ్రేములో కనపడవు" అన్నాడు కెమెరా పట్టుకున్నవాడు. అందరం నవ్వాం, వాడూ నవ్వాడు. ఏడు టేకులు తీశాం. ఏడోది అయ్యాక చూస్తే వాడు అరుగు మీద కూర్చుని తడి టవలుతో ముఖం గట్టిగా తుడుచుకుంటున్నాడు. ఆ రోజు వాడికి మేకప్పేమీ వేయలేదు. మర్నాడు షూటింగుకు రాలేదు, ఫోను ఎత్తలేదు.

సరే, పనిలోకి వద్దాం.

మొదట ఈ మూస ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి, ఎందుకంటే మనం సొంతంగా రాశామనుకునే జోకు చాలాసార్లు తొంభై ఏళ్ల కిందటిది. 1930లు, 40లలో అమెరికాలో చిన్న స్టూడియోలు వరసపెట్టి చవక దెయ్యం సినిమాలు తీసేవి. వాటికి గ్రాఫిక్స్ లేవు, సెట్లకు డబ్బుల్లేవు. అందుకని వాళ్లకు దొరికిన అతి చవకైన ఎఫెక్టు ఒక నల్లజాతి పనివాడి కళ్లు. దెయ్యం పేరు వినగానే కళ్లు పెద్దవి చేసి, మోకాళ్లు వణికించి, యజమానికంటే ముందు పారిపోవడమే ఆ పాత్ర పని. 1941లో మోనోగ్రామ్ అనే చిన్న సంస్థ తీసిన 'కింగ్ ఆఫ్ ద జాంబీస్'లో మాంటన్ మోర్లాండ్ అలాంటి నౌకరు వేషమే వేశాడు. గొప్ప టైమింగ్ ఉన్న నటుడు, సినిమాను భుజాన వేసుకుని మోసింది ఆయనే, అయినా హాలీవుడ్‌లో ఆయనకు ఎక్కువగా నౌకరు, డ్రైవరు వేషాలే దక్కేవి. విల్లీ బెస్ట్ అనే ఇంకో నటుడికైతే తొలి సినిమాల్లో టైటిల్స్‌లో సొంత పేరు కూడా వేయలేదు, "స్లీప్ ఎన్ ఈట్" అని వేశారు, అంటే నిద్రపోవడం, తినడం. మనిషి పేరు తీసేసి ఆ స్థానంలో జోకు పెట్టారు. తర్వాత జనం ఇలాంటి పాత్రలు తప్పని అడగడం మొదలుపెట్టాక స్టూడియోలు మంచి వేషాలు రాయలేదు, ఈ నటులకే పని తగ్గిపోయింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

జాంబీ, అంటే లేచి నడిచే శవం, ఆ మాట సంగతీ ఇలాంటిదే. అది హైతీ దేశపు జానపద నమ్మకాల్లోది. అమెరికా సైన్యం 1915 నుంచి 1934 దాకా ఆ దేశాన్ని ఆక్రమించుకుని కూర్చుంది, సరిగ్గా ఆ కాలంలోనే, 1932లో, 'వైట్ జాంబీ' అనే తక్కువ ఖర్చు సినిమా హైతీని మంత్రగాళ్ల దేశంగా చూపించింది. ఒక దేశాన్ని ఆక్రమించినవాళ్లే ఆ దేశపు మతాన్ని బూచిగా చూపించారన్నమాట.

ఇక మన దగ్గరికి రండి. ఆకులు కట్టుకుని, పుర్రె పట్టుకుని "జింగు జింగు" అంటూ గంతులేసే అడవి మనిషి, ముసుగు తీయగానే నల్లటి పెళ్లికూతురు కనపడితే కళ్లు తిరిగి పడిపోయే కమెడియన్, "ఆఫ్రికావాడు" అని చెప్పి మసి పూసి నిలబెట్టిన జూనియర్ ఆర్టిస్టు. కారణం అక్కడిదే. డబ్బు తక్కువ, టైము తక్కువ, రాసేవాడికి ఓపిక తక్కువ, రెడీగా దొరికే నవ్వు మనిషి ఒంటిరంగు. దీన్ని తీసేయడానికి మాత్రం రూపాయి ఖర్చు లేదు, ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.

ఎలాగంటే, స్క్రిప్టు ప్రింటు తీసి ఎర్రపెన్ను పట్టుకోండి. ఫోనులో చదివితే కుదరదు, నేను చూశాను, వేలు జారిపోతూనే ఉంటుంది. ప్రేక్షకులు నవ్వుతారని మీరనుకున్న ప్రతిచోటా ఒక గీత గీసి, పక్కన ఒక్క మాట రాయండి: దేన్ని చూసి నవ్వుతారు? చేసిన పనికా, పరిస్థితికా, మాటకా, లేక పుట్టుకకా? పుట్టుక అంటే రంగు, ముక్కు, జుట్టు, కులం, తెగ, ఊరు, ఇవన్నీ. అది రాసేటప్పుడు మీకు మీరు అబద్ధం చెప్పుకోకండి. "పరిస్థితి కామెడీ" అని రాసేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది.

డౌటుగా ఉన్నచోట పాత్రలు మార్చి చూడండి. ఆ వేషంలో మీ హీరోను పెట్టండి. సమాధి దగ్గర చెప్పు తెగి, దెయ్యం కాలు పట్టుకుందనుకుని అరిచే సీను ఎవరు చేసినా నవ్వొస్తుంది, అది ఉంచుకోండి. చీకట్లో పళ్లు కనపడే సీనులో తెల్లగా ఉన్న హీరోను పెడితే నవ్వు రాదు, ఎందుకంటే అక్కడ జోకే లేదు, ఒక మనిషి చర్మం ఉంది. కొట్టేయండి. వెనకాల సీన్లు అతకకపోతే మళ్లీ రాయండి.

కొట్టేస్తే కామెడీ పోతుందని టెన్షన్ పడేవాళ్ల కోసం నేను మార్చిన సీను ఒకటి చెప్తా. కర్నూలు కుర్రాళ్లు నల్లమలలో దారి తప్పుతారు, రాత్రి, ఏదో వింత అరుపు. నేను మొదట రాసినదాంట్లో పొదల్లోంచి విల్లుతో ఒక చెంచు మనిషి వస్తాడు, వీళ్లు దెయ్యమనుకుంటారు, అతను అర్థంకాని భాషలో అరుస్తాడు, అందరూ పరిగెత్తుతారు. అందులో మొదటి అబద్ధం భాష. చెంచులు మాట్లాడేది తెలుగే. రెండోది, అడవిలో దారి, శబ్దం, అడుగుజాడ వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు, పులుల రక్షణ క్యాంపుల్లో అటవీశాఖ దగ్గర పనిచేసేవాళ్లలో చెంచులు ఎంతోమంది ఉన్నారు. ఇంకోమాట, అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని మన తాతల నుంచి వింటూ ఉన్నాం, సంక్రాంతి తర్వాత పారువేటకు స్వామి పల్లకి ఊరూరా తిరిగితే ఎదురెళ్లి దండం పెడతాం. గుడి దగ్గర స్వామిని చెంచుల అల్లుడని చెప్పుకుని, సినిమాకొచ్చేసరికి అదే చెంచు మనిషికి ఆకులు కట్టి గంతులేయిస్తామా?

మార్చి రాసింది ఇలా ఉంది. అరుపు వినపడగానే కుర్రాళ్లు ఒకరినొకరు పట్టుకుని హనుమాన్ చాలీసా మొదలుపెడతారు, ఎవరికీ రెండో లైను రాదు. చెంచు పెద్దాయన చొక్కా, లుంగీ, చేతిలో టార్చితో మామూలుగా నడుచుకుంటూ వస్తాడు.

"తాతా, అది దెయ్యమేనా?"

"దెయ్యం గాదు నాయనా, దుప్పి."

అందరూ ఊపిరి పీల్చుకుని నవ్వుతారు. ఆయన టార్చి ఆర్పేసి, నెమ్మదిగా అంటాడు: "పులిని సూసినప్పుడే అది అట్ల అరుస్తాది."

ఈ సీనుకు మా ఊళ్లో చూపించినప్పుడు పడ్డ నవ్వు పాత సీనుకు ఎప్పుడూ పడలేదు. భయం కూడా అక్కడే పుట్టింది. నవ్వు, భయం రెండూ తెలియనితనం నుంచే వస్తాయి, ఆ తెలియనితనాన్ని టౌన్ కుర్రాళ్లకు ఇచ్చాను, అంతే.

యాస విషయంలో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. సీమ మాట తెరమీద వినపడితే వెనకాలే బాంబులు, సుమోలు వస్తాయని ఎదురుచూసే అలవాటు రాష్ట్రమంతా ఉంది, హాస్టల్లో "మీ ఇంట్లో కత్తులుంటాయా" అని అడిగించుకోనివాడు మనలో తక్కువ. ఆ మంట గుర్తుపెట్టుకుని ఇంకొకరి యాస రాయండి.

ఇప్పుడు లైటింగ్, ఇది చాలామంది వదిలేసే సంగతి. "నల్లగా ఉంటే కెమెరాలో కనపడరు" అనేది మనిషి లోపం కాదు, లైటు పెట్టినవాడి లోపం. ఫిల్ము రోజుల్లో కొడాక్ రంగులు సరిచూసుకోవడానికి వాడిన షర్లీ కార్డుల మీద చాలాకాలం తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది, అంటే కొలతే ఒక చర్మానికి పెట్టారు. మన ఫోనుతో చేయాల్సింది ఇది: వెనకాల తెల్ల సున్నం గోడ పెట్టకండి, ఫోను ఆ తెలుపుకు లొంగిపోయి ముఖాన్ని చీకటి చేస్తుంది. బేతంచెర్ల నాపరాయి గోడో, ఆకుపచ్చ తలుపో వెనకాల పెట్టండి. స్క్రీను మీద ముఖం దగ్గర వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. ఎల్ఈడీ లైటును ఎదురుగా కొట్టకుండా పక్కకు తిప్పి, థర్మకోల్ షీటు మీద పడేలా పెట్టి, అక్కడి నుంచి ముఖానికి రానివ్వండి. బుగ్గల మీద, నుదుటి మీద చుక్క కొబ్బరినూనె రాస్తే వెలుగు అక్కడ నిలిచి ముఖం చెక్కినట్టు కనపడుతుంది. దెయ్యం సినిమాకు ఇంతకంటే అందమైన షాట్ ఉండదు. నలుపు పూయడం మాత్రం ఎవరికీ, ఏ కారణానికీ వద్దు.

పాత్రలు ఎవరికివ్వాలనే దగ్గర రెండు సినిమాలు గుర్తుంచుకోండి. 1968లో 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' సుమారు 1,14,000 డాలర్లతో తీశారు, అక్కడి లెక్కల్లో చాలా తక్కువ. దర్శకుడు జార్జ్ రొమేరో ముఖ్యపాత్రను డ్వేన్ జోన్స్ అనే నల్లజాతి నటుడికిచ్చాడు, ఆడిషన్లో ఆయనే బాగా చేశాడని. ఆ పాత్ర పారిపోదు, తలుపులకు చెక్కలు కొట్టి అందరినీ కాపాడాలని చూస్తుంది. 2017లో జోర్డన్ పీల్ 'గెట్ అవుట్'ను సుమారు 45 లక్షల డాలర్లతో తీసి, నల్లజాతి కుర్రాడి కళ్లలోంచి భయాన్ని చూపించి, స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ తీసుకున్నాడు. అందులో నవ్వు కూడా ఉంది. డబ్బుల్లేక మూస వాడామనే మాట వీటి ముందు నిలబడదు.

నటుడితో మాట్లాడాల్సి వస్తే అందరి ముందు "నీకేం ప్రాబ్లం లేదు కదా" అని అడగకండి. పదిమంది చూస్తుంటే ఎవడైనా లేదనే అంటాడు. ముందురోజు ఒక్కడినే టీకి పిలిచి, స్క్రిప్టు చేతికిచ్చి, చదివాక ఏం మార్చాలో చెప్పమనండి. ఏదైనా తెగ గురించి రాస్తే ఆ తెగవాళ్లు ఒకరికి వినిపించండి, వాళ్ల టైముకు డబ్బు ఇవ్వండి.

థియేటరుకు వెళ్లే సినిమాకైతే సెన్సార్ వాళ్ల 1991 మార్గదర్శకాల్లోనే జాతుల్ని, మతాల్ని కించపరిచే మాటలు, దృశ్యాలు ఉండకూడదని ఉంది. యూట్యూబ్‌కు సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు కాబట్టి అక్కడ చూసుకోవాల్సింది మనమే.

ఇప్పటికే ఎక్కించేసిన వీడియో ఉంటే యూట్యూబ్ స్టూడియోలో ఎడిటర్ తెరిచి ఆ ముక్క కోసేయొచ్చు, లింకు మారదు, వ్యూస్ పోవు. సేవ్ చేశాక ప్రాసెస్ అవడానికి కొంచెం టైము పడుతుంది, ఈలోపు పాతదే కనపడుతుంది కాబట్టి కంగారుపడి డిలీట్ చేయకండి. నేను నలభై సెకన్లు కోశాను. కోసే ముందు మా వాడి ఇంటికి వెళ్లి, ఏం తీసేస్తున్నానో, ఎందుకో చెప్పాను. వాడు ఫోను తీసుకుని ఆ నలభై సెకన్లూ ఒకసారి చూసి, "దీని తర్వాత నేను నీళ్లు తెచ్చే షాట్ ఉంది, అది మాత్రం ఉంచు, అందులో బాగా చేసినా" అన్నాడు. ఉంచాను.