జెట్‌స్కీ పొట్టలో ఆయిల్ చేరితే: ఎక్కణ్ణుంచి కారుతోంది, ఎలా ఆపాలి

సీటు లేపగానే అడుగున నల్లటి నీళ్లు, మీద రంగురంగుల తెట్టు. ముందు పానా పట్టుకోవద్దు. ఆ నీళ్లను బిల్జి పంపుతో (బండి అడుగున చేరిన నీళ్లు బయటకు తోడే పంపు) రిజర్వాయరులోకి కొట్టొద్దు. సాగర్ నీళ్లనే పుట్టంగండి దగ్గర ఎత్తి హైదరాబాద్‌కు తాగడానికి పంపుతున్నారు. బండిని ట్రాలీ మీద ఒడ్డుకు తెచ్చి, కింద బకెట్ పెట్టి వెనక డ్రెయిన్ ప్లగ్ విప్పండి. మిగిలింది బనియన్ వేస్ట్‌తో అద్ది తీయండి.

అందులో కొంచెం గాజు సీసాలో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పైకి తేలిన పొర వేళ్ల మధ్య జిగటగా ఉంటే ఆయిల్. పల్చగా ఉండి ముక్కుకు పెట్రోలు కొడితే లీకు ఫ్యూయల్ లైనులో ఉన్నట్టు. అప్పుడు సీటు తీసేసి గాలి బాగా ఆడనివ్వండి, స్విచ్ ముట్టొద్దు. ఆవిరి పోయాకే బ్యాటరీ నెగటివ్ విప్పండి. ముందే విప్పితే అక్కడ వచ్చే చిన్న మెరుపే చాలు అంటుకోవడానికి.

లక్షణం: ఇంజన్ అంతా జిడ్డు, లీకు ఎక్కడో తెలియదు
కారణం: ఆయిల్ పైన ఎక్కడో చెమర్చి, బ్లాకు వెంబడి జారి, కింద బోల్టు దగ్గర చుక్క కడుతుంది. చుక్క చూసి ఆ బోల్టు బిగిస్తే థ్రెడ్ పోవడం తప్ప లాభం లేదు.
పరిష్కారం: డీగ్రీజర్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గాలి పీల్చే వైపు గుడ్డ అడ్డం పెట్టి, అనుమానం ఉన్న చోట ముఖానికి వేసుకునే పౌడర్ పల్చగా చల్లండి. గుడ్డ తీసి కాసేపు నడిపితే తెల్లటి పొడి మీద తడి గీత పడుతుంది. ఆ గీతకు పై కొన ఎక్కడుందో లీకు అక్కడే. ఫోర్ స్ట్రోక్ అయితే వాల్వ్ కవర్ ప్యాకింగు, ఆయిల్ ఫిల్టర్ మూత ఓరింగు (గుండ్రటి రబ్బరు సీలు) ముందు చూడండి. పాత ఓరింగు తిరగేసి వేయడం దండగ. కొత్తదానికి ఆయిల్ రాసి, మడత పడకుండా కూర్చోబెట్టండి.

లక్షణం: పైపు చివర తడి, లేదా పైపు ఊడింది
కారణం: ఎక్కువగా పైపు మధ్యలో కాదు, కొనలోనే తేడా. మన పాలమూరు, నల్లగొండ మే ఎండలో షెడ్డు లేకుండా నిలబెట్టిన బండిలో రబ్బరు కొయ్యలా గట్టిపడుతుంది, క్లాంపు పట్టు వదులుతుంది.
పరిష్కారం: కొనను గోటితో నొక్కండి. మెత్తగా లోపలికి పోయి మళ్లీ లేస్తే క్లాంపు మారిస్తే చాలు. పగుళ్లు కనిపిస్తే పైపే మార్చాలి. పొడవు మిగులుంటే పాడైన కొన కోసేసి మళ్లీ తొడగొచ్చు. పాత పైపును లాగొద్దు, ముందు అటూ ఇటూ తిప్పండి. రాకపోతే బ్లేడుతో నిలువునా కోయండి, కింది నిపుల్ (పైపు తొడిగే మూతి) మీద గీత పడొద్దు. కొత్త పైపు కొనను రెండు నిమిషాలు వేడినీళ్లలో ముంచితే సులువుగా ఎక్కుతుంది. నిపుల్ గట్టు దాటేదాకా తోసి, గట్టుకూ పైపు కొనకూ మధ్య స్టెయిన్‌లెస్ క్లాంపు వేయండి. స్క్రూడ్రైవర్‌తో చేతి బిగువు చాలు. పట్టీ గాడుల్లోంచి రబ్బరు పొంగితే ఎక్కువ బిగించినట్టే. నొక్కి బిగించే చెవి క్లాంపులు ఒక్కసారికే, తీసినవి మళ్లీ వాడొద్దు. ఆయిల్‌కు ఆయిల్ పైపు, పెట్రోలుకు పెట్రోలు పైపు. నీళ్ల పైపు రెండింటిలోనూ ఉబ్బుతుంది. ఊళ్లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పాత ముక్క చూపించి లోపలి కొలతకు తెచ్చుకోండి. ఎంసీల్ పూయడం మాత్రం వద్దు, రేపు విప్పేవాడు తిడతాడు.

లక్షణం: టూ స్ట్రోక్‌లో సన్నటి ఆయిల్ పైపులో గాలి బుడగలు
దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆయిల్ అందకపోతే పిస్టన్ పట్టేస్తుంది. పైపు మార్చాక ఆయిల్ పంపు మీది బ్లీడ్ స్క్రూ (లోపలి గాలి వదిలే స్క్రూ) వదులు చేసి, బుడగలు ఆగి ఆయిల్ ధారగా వచ్చేదాకా ఉంచి బిగించండి. సన్న పైపులు నిండేదాకా లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపి నడపండి.

లక్షణం: బయట చుక్క లేదు, రాత్రికి రాత్రి ట్యాంకులో ఆయిల్ తగ్గింది, పొద్దున స్టార్ట్ చేస్తే దట్టమైన పొగ
కారణం: రోటరీ వాల్వ్ (తిరుగుతూ గాలి దారి తెరిచి మూసే పళ్లెం) ఉన్న పాత రోటాక్స్ కంపెనీ ఇంజన్లలో ఆ వాల్వ్‌ను తిప్పే షాఫ్ట్ సీలు అరిగి, ఆయిల్ క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజన్ కింది గదిలోకి దిగుతుంది.
పరిష్కారం: ఆ షాఫ్ట్ ఉండే గదికి వెళ్లే రెండు ఆయిల్ పైపులనూ రాత్రి క్లిప్పుతో నొక్కిపెట్టండి. పొద్దున మట్టం తగ్గకుండా ఉంటే తప్పు సీలుదే, ఇంజన్ విప్పాల్సిందే. క్లిప్పులు తీయడం మరిచి స్టార్ట్ చేస్తే ఇంజన్ పోతుంది, అందుకే తాళానికి ఎర్రగుడ్డ కట్టుకోండి.

లక్షణం: ఫోర్ స్ట్రోక్‌లో ఎయిర్ బాక్సు (ఇంజన్ గాలి పీల్చే పెట్టె) నిండా ఆయిల్
ఆయిల్ ఎక్కువ పోశారు, లేదా బోల్తా పడిన బండిని తప్పు వైపు తిప్పారు. వెనక స్టిక్కర్ మీద ఏ వైపు తిప్పాలో బాణం ఉంటుంది. మాన్యువల్ చెప్పిన గుర్తుకు మట్టం తగ్గించి, బాక్సు తుడిచేయండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన చాయ రంగులో ఉంటే మాత్రం లోపలికి నీళ్లు వెళ్లాయి. ఇక నడపొద్దు.

ఒడ్డు మీద పరీక్షించేటప్పుడు ఫ్లషింగ్ పైపు (ఇంజన్ చల్లబడటానికి బయటి నుంచి నీళ్లు ఎక్కించే పైపు) తగిలించి, ముందు ఇంజన్ స్టార్ట్ చేయండి, తర్వాత నీళ్లు వదలండి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేయండి, వెంటనే ఇంజన్ ఆపండి. వరస తప్పితే నీళ్లు ఎగ్జాస్ట్ నుంచి సిలిండర్లోకి ఎక్కుతాయి. నీళ్లు లేకుండా 15 సెకన్లు దాటనివ్వొద్దు.