కప్ప పిల్ల ఏ రకమో పోల్చుకోవడానికి గాజు గ్లాసు చాలు

తొలకరి పడ్డాక పెరట్లో గోరంత కప్ప పిల్లలు కనిపిస్తాయి. ఏ రకమో చూద్దామని వంగేలోపు గెంతి కుండీల వెనక దూరిపోతాయి.

పారదర్శకంగా ఉండే గ్లాసును మెల్లగా దాని మీద బోర్లించండి. కింద నుంచి పాత పెళ్లి శుభలేఖ ఒకటి జరిపి, గ్లాసు తిప్పి నిలబెట్టండి. పైన శుభలేఖ అలాగే ఉంచి, అడుగు వైపు నుంచి, పక్క నుంచి ఫోన్‌తో రెండు ఫోటోలు తీసి వదిలేయండి. రెండు నిమిషాల పని. ఎండలో మాత్రం పెట్టొద్దు, పాపం వెంటనే వడలిపోతుంది.

ఇప్పుడు ఫోటో పెద్దది చేసి కాలి వేళ్లు చూడండి. రంగును నమ్మొద్దు, తడిని బట్టి, నేలను బట్టి మారుతుంటుంది. వేళ్ల కొసల్లో ఆవగింజల్లా గుండ్రటి బిళ్లలుంటే చెట్టు కప్ప. గ్లాసు గోడకు అంటుకుని పైకి పాకుతుంది కూడా. వెనక కాలి వేళ్ల మధ్య బాతు కాలికున్నట్టు చివరిదాకా పొర ఉంటే నీటి కప్ప. బిళ్లలు లేక, పొర కొద్దిగానే ఉండి, ఒళ్లు గరుగ్గా, నల్లగా, కాళ్లు పొట్టిగా ఉంటే గోదురు కప్ప పిల్ల.

తోక ఇంకా పూర్తిగా కుంచించుకుపోని పిల్లల్లో ఇది పనిచేయదు. పెద్ద గోదురు కప్పలకుండే కళ్ల వెనక ఉబ్బు కూడా పిల్లల్లో మొదట్లో కనిపించదు. రెండు మూడు వారాలాగి చూడండి. చేత్తో పట్టాల్సి వస్తే మంచినీళ్లతో తడుపుకోండి. దోమల క్రీమ్ రాసుకున్న చేత్తో అసలు ముట్టుకోవద్దు, వాటి చర్మం అన్నీ పీల్చేస్తుంది.