పరికిణీకి నిండుదనం తెచ్చే కుచ్చులు, మడతలు, టక్కులు

విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో గుడ్డ కొనేటప్పుడు చాలామంది పిల్ల నడుము కొలత, పొడవు మాత్రం చెప్పి, మిగిలినది దుకాణదారు అంచనాకు వదిలేస్తారు. పరికిణీ నిండుగా ఉంటుందా, పేలగా వేలాడుతుందా అన్నది నడుము కొలతకు ఎన్ని రెట్లు గుడ్డ తీసుకున్నామన్న దానిని బట్టి తేలుతుంది. మామూలు నూలుగుడ్డకు రెండు నుంచి రెండున్నర రెట్లు సరిపోతాయి. షిఫాన్, జార్జెట్ వంటి పలుచని వాటికి మూడు రెట్లు పెట్టినా బరువనిపించదు. దళసరి పట్టుకు ఒకటిన్నర దాటితే మాత్రం నడుము దగ్గర గుడ్డ గుట్టపడుతుంది.

మంగళగిరి చేనేత గుడ్డ సంగతి కొంచెం వేరు. దాని జరీ అంచు గుడ్డ పొడవునా ఉంటుంది కనుక, ఆ అంచు పాదాల దగ్గరకు రావాలంటే గుడ్డను అడ్డంగా తిప్పి, పొడవును నడుము చుట్టూ వాడుకోవాలి. అప్పుడు కింద మడిచి కుట్టే పని తప్పుతుంది, కానీ పడుగు దారాలు, అంటే గుడ్డ పొడవునా సాగే దారాలు, నిలువుగా కాక అడ్డంగా పడడం వల్ల కుచ్చులు మెత్తగా జారకుండా బిర్రుగా నిలబడతాయి. అందుకే నేను దానికి రెండు రెట్లకు మించి పెట్టను. 22 అంగుళాల నడుముకు 44, అతుకుకు మరొకటి కలిపి 45 అంగుళాలు కావాలి. మీటరుంబావు కొంటే నాలుగు అంగుళాలు మిగులుతాయి. తడిపి ఆరేసినప్పుడు ముడుచుకునేది అందులోనే పోతుంది. గుడ్డను తడిపి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి.

కుచ్చులకు మిషను కుట్టు పొడవును 4 లేదా 5కు పెట్టి, పైదారం టెన్షన్ (బిగువు) కాస్త వదులు చేసి, అతుకు కుట్టు పడబోయే గీతకు పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు వరసలు నడపాలి. రెండెందుకని ఒక పండగ ముందురోజు సాయంత్రం నేను ఒక్క వరసతోనే సరిపెట్టాను; చివరి జానెడు లాగుతుండగా దారం పుటుక్కున తెగి, కుచ్చులన్నీ విడిపోయాయి. ఇప్పుడు ఎంత తొందర ఉన్నా రెండు వరసలే వేస్తాను.

లాగడానికి ముందు గుడ్డ పైఅంచును, నడుము పట్టీని వేర్వేరుగా నాలుగు సమభాగాలు చేసి, సుద్దతో గుర్తులు పెట్టి, గుర్తుకు గుర్తు కలిపి గుండుసూదులు గుచ్చాలి. ఆ తరువాత కింది దారాలను, అంటే బాబిన్ నుంచి వచ్చినవాటిని, రెండు చివరల నుంచీ నెమ్మదిగా లాగి, పట్టీ కొలతకు రాగానే గుండుసూదికి ఎనిమిది అంకెలా చుట్టి ఆపాలి. ఒకచోట గుంపుగా, మరోచోట పలుచగా ఉన్న కుచ్చులను సూది మొనతో సర్దుకుని, కుచ్చుల వైపు పైకి ఉండేలా పెట్టి అసలు కుట్టు వేయాలి. బయటికి కనిపించే కింది వరసను చివర్లో ఊడదీయాలి. ఇస్త్రీపెట్టెను అతుకు మీద మాత్రమే ఆనించాలి, కుచ్చుల మీద నడిపితే అవి అణిగిపోతాయి.

ఒకే వైపు తిరిగి, ఒకదాని పక్కన ఒకటి తగిలేలా వేసే మడతలకు కచ్చితంగా మూడు రెట్లు కావాలి. అంగుళం మడత ఒక్కొక్కటీ మూడు అంగుళాలు తింటుంది.

జాకెట్టు ఛాతీ మీద సన్నని టక్కులు, అంటే గుడ్డను సన్నగా మడిచి పొడవునా కుట్టే మడతలు, వేయదలిస్తే, గుడ్డను కత్తిరించక ముందే వాటిని కుట్టి, ఆ పైన కాగితం నమూనా పరచాలి. అంగుళంలో ఎనిమిదో వంతు టక్కు పావు అంగుళం గుడ్డను లోపలికి తీసుకుంటుంది. పది టక్కులకు రెండున్నర అంగుళాలు తగ్గుతాయి. ముందే కత్తిరించినవారికి ఆ జాకెట్టు పట్టదు.

నడుము దగ్గర సాగే కుచ్చులకు ఎలాస్టిక్ దారాన్ని బాబిన్‌కు చేత్తో, బిగించకుండా చుట్టి, పైన మామూలు దారమే ఉంచి, అర అంగుళం ఎడంతో వరసలు వేయాలి. మొదటి రెండు వరసలకు గుడ్డ పెద్దగా ముడుచుకోకపోయినా కంగారు పడనక్కర్లేదు. అన్నీ పూర్తయ్యాక ఇస్త్రీపెట్టె ఆవిరిని గుడ్డకు తాకించకుండా పైనుంచి పట్టిస్తే ఎలాస్టిక్ ముడుచుకుని కుచ్చులు దగ్గరపడతాయి.