డంపింగ్ యార్డులో మీథేన్ కొలత తప్పుతోందా? ముందు యార్డు ఎంపికను అనుమానించండి

చెత్తకుప్ప నుంచి వచ్చే మీథేన్ అంకెలు పొంతన లేకుండా వస్తుంటే అందరి చూపూ ముందు మీటరు మీదికే పోతుంది. క్యాలిబ్రేషన్ మళ్లీ చేయిస్తారు, పంపు మారుస్తారు, ట్యూబులు మారుస్తారు. మీటరు బాగానే ఉంటుంది. తప్పు యార్డును ఎంచుకున్న రోజే జరిగిపోయి ఉంటుంది.

విశాఖపట్నం, చుట్టుపక్కల మున్సిపాలిటీల యార్డుల్లో దేన్ని కొలతకు తీసుకోవాలో తేల్చుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. మీటరు వాడడం, జీపీఎస్ పెట్టడం, గాలిమీటరు నిలబెట్టడం వచ్చనే అనుకుంటున్నాం. ఒక్క పని మాత్రం దాదాపు అందరూ ఎగ్గొడతారు: యార్డును ఖాయం చేయకముందు అక్కడ తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా ఒక పూర్తి రోజు ఉండి గాలి చూడడం. మూడు మీటర్ల కర్రకు ఒక రిబ్బను కట్టి, అరగంటకోసారి అది ఎటు ఎగురుతోందో పుస్తకంలో రాసుకుంటే చాలు. ఖర్చు లేని పని ఇది. కింద చెప్పే సమస్యల్లో సగం దీనితోనే బయటపడతాయి.

లక్షణం: కుప్ప మీద ఎక్కడ పెట్టినా మీటరు సున్నా చూపిస్తోంది

చేతిలో ఉన్నది ఎల్‌ఈఎల్ (గ్యాస్ అంటుకోవడానికి గాలిలో ఉండాల్సిన కనీస పాళ్లు) మీటరేమో చూడండి. మీథేన్ అంటుకోవడానికి గాలిలో 5 శాతం ఉండాలి, అంటే 50,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50,000). ఆ మీటరు మీద 1 శాతం ఎల్‌ఈఎల్ అంటేనే 500 పీపీఎం. మామూలు గాలిలో ఉండేది 1.9 పీపీఎం పైచిలుకు. అది మ్యాన్‌హోల్‌లో దిగేవాడి ప్రాణం కాపాడే పరికరం, యార్డులను పోల్చే పరికరం కాదు. ఒక పీపీఎంలో పదో వంతు తేడాను పట్టే లేజర్ మీటరు లేకుండా ఎంపికకు బయల్దేరవద్దు. చవక సెన్సార్ బోర్డులు తేమకే ఎగిరిపడతాయి. మన సముద్రతీరపు ఉక్కలో వాటి అంకెలకు విలువ లేదు.

లక్షణం: లెక్క ప్రకారం బోలెడు గ్యాస్ రావాలి, కొలిస్తే ఏమీ లేదు

కారణం ఎక్కువగా రిజిస్టరులో ఉంటుంది. వేబ్రిడ్జి పుస్తకంలో లోపలికి వచ్చిన టన్నులు రాస్తారు. వచ్చినదంతా కుప్ప మీదే పడిందని లెక్కకట్టేవాళ్లు అనుకుంటారు. విశాఖ చెత్త చేరే కాపులుప్పాడ యార్డునే తీసుకోండి. అక్కడ చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు ఉంది, పాత చెత్తను జల్లెడ పట్టి తీసే బయోమైనింగ్ కూడా జరిగింది. అలాంటి చోట వచ్చిన టన్నుల్లోంచి ప్లాంటుకు పోయినవీ, జల్లెడ పట్టి బయటికి పంపినవీ తీసేస్తేనే కుప్పలో మిగిలినది తెలుస్తుంది. లోపలికి, బయటికి రెండు రిజిస్టర్లూ అడగండి. రెండోది ఇవ్వలేని యార్డును లెక్కతో పోల్చే పనికి ఎంచుకోవద్దు.

చెత్త వయసు కూడా అడగాలి. ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) మార్గదర్శకాల ప్రకారం తేమ ఉన్న ఉష్ణమండలంలో వంటింటి చెత్త కుళ్లే రేటు ఏడాదికి 0.40. అంటే రెండేళ్లలోపే సగం అయిపోతుంది, ఎనిమిదేళ్లకు మిగిలేది నూటికి నాలుగు పాళ్లు. పాత కుప్ప కొండంత కనిపిస్తున్నా లోపల గ్యాస్ తయారయ్యే సరుకు అయిపోయి ఉండొచ్చు. తాజా చెత్త దీనికి తలకిందులు: కంపు విపరీతంగా కొడుతుంది, మీథేన్ మాత్రం రాదు. కుప్పలో గాలి ఆడడం ఆగి, మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి నెలలు పడుతుంది. లెక్కల్లో మామూలుగా ఆరు నెలలు వేసుకుంటారు. ముక్కును నమ్మి యార్డును ఎంచుకుంటే తాజా కుప్ప దగ్గరే ఆగిపోతారు.

కుప్ప లోతు కూడా చూడండి. 5 మీటర్లకు మించి ఉంటే మీథేన్ దిద్దుబాటు గుణకం (చెత్తలో ఎంత పాలు గాలి ఆడకుండా కుళ్లుతుందో బట్టి లెక్కను సవరించే అంకె) 0.8, లోపు ఉంటే 0.4. నర్సీపట్నం, యలమంచిలి లాంటి చిన్న పట్టణాల యార్డుల్లో చెత్తను పలచగా పరిచేస్తే టన్నులు అంతే ఉన్నా గ్యాస్ సగమే వస్తుంది. లోతు తెలియాలంటే జేసీబీ డ్రైవర్ను అడగండి. ఆఫీసు కాగితం కన్నా అతని మాట దగ్గరగా ఉంటుంది.

లక్షణం: పొద్దున చూస్తే పది పీపీఎం, మధ్యాహ్నం చూస్తే రెండు

అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది, అందుకే దీన్ని కాస్త నిదానంగా చెబుతాం. పొద్దున గ్యాస్ ఎక్కువ వస్తోందనీ, రాత్రి కుప్ప లోపల ఏదో జరుగుతోందనీ అనుకుంటారు. ఏమీ జరగడం లేదు. కుప్ప రాత్రీ పగలూ దాదాపు ఒకే తీరున వదులుతూనే ఉంటుంది. మారింది దాని మీదున్న గాలి.

పొద్దుగూకాక నేల చల్లబడుతుంది, దానికి ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది. కొండవాలు మీదుగా కిందికి జారి పల్లంలో చేరుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా ఉంటుంది. మీథేన్ గాలి కంటే తేలిక కాబట్టి పైకి పోతుంది కదా అనే మాట ఇక్కడ చెల్లదు. కొన్ని పీపీఎంలకు పలచబడ్డాక అది విడిగా కదలదు, గాలి ఎటు పోతే అటే పోతుంది. గాలి కదలకపోతే అక్కడే నిలుస్తుంది. విశాఖ చుట్టూ యార్డులు తరచూ కొండల పక్కన, గెడ్డల ఒడ్డున పల్లాల్లో ఉంటాయి, ఊరికి దూరంగా దొరికే చోటు అదే కనుక.

తేడా ఎంత ఉంటుందో ఒక ఊహా లెక్కతో చూడండి. కుప్ప గంటకు 100 కిలోల మీథేన్ వదులుతోంది. దాని చుట్టూ పల్లం 50 హెక్టార్లు, రాత్రి నిలిచిన గాలి పొర ఎత్తు 50 మీటర్లు. ఎనిమిది గంటల్లో 800 కిలోలు రెండున్నర కోట్ల ఘనపు మీటర్ల గాలిలో కలుస్తుంది. పొద్దున అక్కడ మామూలు కంటే సుమారు 50 పీపీఎం ఎక్కువ కనబడాలి. అదే కుప్ప మీద మధ్యాహ్నం సెకనుకు 3 మీటర్ల గాలి వీచి, గ్యాస్ 700 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల ఎత్తున పరుచుకుంటే పెరుగుదల 0.35 పీపీఎం కూడా దాటదు. నిజంలో పల్లం మూత బిగించిన డబ్బా కాదు, రాత్రి కొంత జారిపోతుంది. అయినా తేడా పదుల రెట్లలోనే ఉంటుంది. కుప్ప వదిలింది మాత్రం రెండు వేళల్లోనూ గంటకు 100 కిలోలే.

ఇది ఎంపికను ఎలా పాడుచేస్తుందో చూడండి. ఒకే రోజు రెండు యార్డులు చూడాలని బండి వేసుకుని బయల్దేరతారు. మొదటిది పొద్దున ఆరున్నరకు, రెండోది భోజనాల వేళకు. మొదటి దాంట్లో పన్నెండు పీపీఎం, రెండో దాంట్లో రెండున్నర. మొదటిదే పెద్ద కుప్పని తేల్చి, ఏడాది పాటు కొలతలన్నీ అక్కడే పెడతారు. ఆరుబయట మైదానంలో ఉన్న రెండోది నిజంగా రెట్టింపు వదులుతున్నా జాబితాలోంచి పోతుంది. తర్వాత ఏడాదంతా పట్టణానికి తప్పు అంకె వస్తూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

పట్టుకునే గుర్తులు నాలుగు. అన్నిటికంటే నమ్మదగింది అంచు. కుప్పకు గాలి కింద వైపున్న (కుప్ప మీదుగా వీచిన గాలి వచ్చే వైపున్న) దారిలో మీటరుతో నడవండి. ఇప్పుడు వస్తున్న గ్యాస్ అయితే అంకె 2.0, 2.0, 2.3, 2.7, 2.4, 2.0 అన్నట్టు లేచి పడుతుంది, రెండు పక్కలా శుభ్రమైన గాలి దొరుకుతుంది. రాత్రి నిలిచిన గ్యాస్ అయితే 9.4, 9.1, 9.6, 9.3 అంటూ అర కిలోమీటరు నడిచినా అంచే రాదు. అంచు దొరకని కొలతను ఎంపికకు వాడకూడదు.

రెండోది ఎత్తు. మీటరు ట్యూబును కర్రకు కట్టి ఒక మీటరు ఎత్తున, తర్వాత ఐదారు మీటర్ల ఎత్తున చూడండి. నేలకు దగ్గర బాగా ఎక్కువగా ఉండి పైకి పోయేకొద్దీ తగ్గుతుంటే, గాలికి ఒక దిశంటూ కనిపించకుంటే అది నిలిచిన గ్యాసే. మూడోది వేళ. గాలి దిశ మారకుండానే ఎండెక్కిన కొద్దీ అంకె పడిపోతూ ఉంటే అది రాత్రి సరుకు ఖాళీ అవుతున్నట్టు. నాలుగోది కార్బన్ డయాక్సైడ్. కుప్ప గ్యాస్‌లో మీథేనూ అదీ దాదాపు సగం సగం ఉంటాయి. రాత్రి నిలిచిన గాలిలో నేలా చెట్లూ వదిలిన కార్బన్ డయాక్సైడ్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి దాని పెరుగుదల మీథేన్ పెరుగుదల కంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది.

సరిచేయడం కష్టం కాదు, ఓపిక కావాలి. యార్డులను పోల్చే కొలతలన్నీ పదకొండు నుంచి నాలుగు లోపే తీసుకోండి, గాలి సెకనుకు 2 మీటర్లు దాటాకే. ఒక్కో యార్డుకు కనీసం మూడు రోజులు, ప్రతి రోజూ వేళలు తారుమారు చేస్తూ వెళ్లండి. మొదటి రోజు పదకొండుకు వెళ్లిన యార్డుకు రెండో రోజు మూడింటికి వెళ్లాలి. అప్పటికీ కొండ మలుపులో గాలి సుడి తిరుగుతూ అంచు దొరకకపోతే ఆ యార్డు ఎంత పెద్దదైనా గాలితో లెక్కకట్టే పద్ధతికి పనికిరాదు. దాన్ని ఛాంబర్లకు (నేల మీద బోర్లించి, లోపల గ్యాస్ పెరిగే వేగం చూసే పెట్టెలు) వదిలేయండి.

లక్షణం: సముద్రం వైపు గాలి కూడా శుభ్రంగా లేదు

పైదానికి ఇది తోబుట్టువు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి సముద్రపు గాలి ఆగ్నేయం వైపు నుంచి, రాత్రి నేలగాలి వాయవ్యం నుంచి వస్తాయి. పొద్దున నేలగాలి ఉన్నప్పుడు ఒక చోటును శుభ్రమైన గాలికి గుర్తుగా పెట్టుకుని, గాలి తిరిగాక కూడా అదే అంకెను తీసివేస్తూ ఉంటారు. అప్పటికి ఆ చోటు కుప్పకు గాలి కింద వైపు అయిపోయి ఉంటుంది. ఫలితం తక్కువ వస్తుంది, ఒక్కోసారి మైనస్‌లోకి కూడా పోతుంది.

ఇంకో మెలిక ఉంది. రాత్రంతా నేలగాలి ఊరి మురుగు గ్యాస్‌నూ, కుప్ప గ్యాస్‌నూ సముద్రం మీదికి తోస్తుంది. సముద్రపు గాలి మొదలైన మొదటి గంటలో తిరిగి వచ్చేది అదే గాలి. కడలి నుంచి వస్తోంది కదా, శుభ్రమే అనుకుంటే బోల్తా పడతారు. గాలి తిరిగాక సముద్రం వైపు అంకె పది నిమిషాలు కదలకుండా నిలిచేదాకా ఆగండి, తర్వాతే దాన్ని ఆధారంగా తీసుకోండి. గాలి తిరిగిన ప్రతిసారీ ఆధారాన్ని మళ్లీ కొలవాలి.

ఎంపికకు వచ్చేసరికి అడగాల్సింది ఒకటే: రెండు గాలులకూ కింద వైపు బండి పోయే దారి ఉందా? ఒకవైపు కొండ, ఒకవైపు ప్రైవేటు గేటు ఉన్న యార్డులో రోజుకు రెండు గంటలకు మించి పని జరగదు. గాలి పై వైపు గేదెల శాలలు, మురుగు చెరువు లేకుండా కూడా చూసుకోండి. భీమిలి వైపైతే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటి బురదనేలలు కూడా మీథేన్ వదులుతాయి.

లక్షణం: ఛాంబర్ అంకెలు ఒకచోటికి ఒకచోటికి వంద రెట్లు తేడా

ఇది తప్పు కాదు, కుప్ప తీరే అంత. గ్యాస్ పగుళ్ల నుంచి, వాలు అంచుల నుంచి, ఊట నీరు కారే చోట నుంచి తోసుకొస్తుంది. ముందు 30 మీటర్ల గళ్లుగా నడిచి, ట్యూబును నేలకు పది సెంటీమీటర్ల లోపు ఉంచి, 500 పీపీఎం దాటిన చోట్లను గుర్తుపెట్టండి. ఛాంబర్లను అక్కడ కొన్ని, చీటీ తీసినట్టు ఎంచిన గళ్లలో కొన్ని పెట్టండి. అంచుకు తడి బంకమట్టి మెత్తాలి. 30 సెంటీమీటర్ల ఎత్తున్న ఛాంబర్లో నిమిషానికి 20 పీపీఎం పెరిగితే చదరపు మీటరుకు రోజుకు సుమారు 5.6 గ్రాములు. ఆ అంకెలతో గీసిన గీత ఐదు నిమిషాల్లో వంగిపోతే గాలి లీకవుతోంది, ఆ అంకె పారేయండి. వాలు మీదికి ఒంటరిగా ఎక్కవద్దు. వాన పడ్డాక కుప్ప జారుతుంది.

లక్షణం: ఉపగ్రహం మచ్చ చూపిస్తోంది, నేల మీద లేదు

మీథేన్‌ను చూసే ఉపగ్రహ పరికరం ట్రోపోమీ చిత్రంలో ఒక్కో గడి 5.5 కిలోమీటర్లు పొడవు, 7 వెడల్పు. అందులో యార్డుతో పాటు ఊరి ముక్కా, సముద్రం ముక్కా పడతాయి. యార్డును ఎంచడానికి అది పనికిరాదు. పదుల మీటర్ల వివరం ఇచ్చే చిత్రాలు అయితే సరే, అవీ నైరుతి రుతుపవనాల మబ్బుల్లో దొరకవు.

మిగతావి చాలా అరుదు. ఎసిటిలీన్ ట్రేసర్ పద్ధతిలో (తెలిసిన మోతాదులో ఎసిటిలీన్ వదిలి, దానితో పోల్చి మీథేన్ లెక్కకట్టడం) మండుతున్న కుప్ప తానే ఎసిటిలీన్ వదిలి లెక్క తప్పించడం ఒకటి. పొగ కనిపించిన రోజు ట్రేసర్ తెరవవద్దు, నిప్పు దగ్గర ఆ సిలిండరే ప్రమాదం. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి పీడనం పడుతున్నప్పుడు గ్యాస్ ఎక్కువ రావడం ఇంకొకటి. ఆ రోజు కొలత తీసుకుంటే పీడనం అంకె పక్కన రాసిపెట్టండి చాలు. పైపులైను గ్యాస్ అనుమానం ఉంటే ఆ గ్యాస్‌లో ఉండే ఈథేన్ చూడండి. కుప్ప గ్యాస్‌లో అది ఉన్నట్టే ఉండదు.