ఇంట్లో చేసుకున్న గాల్ ప్రోగ్రామర్: చిప్ మాట వినకపోతే ఎక్కడ వెతకాలి

పాత కంప్యూటర్ బోర్డులు బాగుచేసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు గాల్ చిప్‌తో, అంటే లోపలి లాజిక్‌ని మనమే రాసుకోగలిగే చిప్‌తో, పని పడుతుంది. 1978లో మోనోలిథిక్ మెమరీస్ తెచ్చిన, దీనికి ముందుతరం పాల్ చిప్‌లో ఫ్యూజు ఒకసారి కాలిందంటే అంతే. 1985లో లాటిస్ తెచ్చిన గాల్‌ని మాత్రం కరెంటుతోనే చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. ఆర్డుయినో యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, వోల్టేజీ పెంచే ఎంటీ3608 మాడ్యూలు, కొన్ని ట్రాన్సిస్టర్లు, చిప్‌ని తేలిగ్గా పెట్టి తీసే ఒక జిఫ్ సాకెట్ ఉంటే ప్రోగ్రామర్, అంటే చిప్‌ని చదివి రాసే పరికరం, తయారవుతుంది. తయారుచెయ్యడం ఒక ఎత్తు, దానిచేత మొదటి చిప్‌ని సరిగ్గా చదివించడం ఇంకో ఎత్తు. ఇక్కడ పిన్నుల నంబర్లన్నీ 20 కాళ్ల గాల్16వీ8వి.

మొదలుపెట్టేముందు ఒక్క మాట. ఈ గాల్ లోపలి మెమరీ వరసలుగా ఉంటుంది, 58వ వరసలో పీఈఎస్ అనే గుర్తింపు సమాచారం ఉంటుంది. తయారీదారు కోడు, చిప్ రకం, ఎంత వోల్టేజీతో రాయాలి, పల్స్ ఎంతసేపు ఇవ్వాలి, అన్నీ అందులోనే. ఆ పీఈఎస్ పదిసార్లు చదివితే పదిసార్లూ ఒకేలా వచ్చేదాకా చెరపడం, రాయడం జోలికి వెళ్లకండి. చదవడంలో ఉన్న తప్పు చిప్‌ని ఏమీ చెయ్యదు. అదే తప్పుతో రాస్తే మాత్రం చిప్ పోవచ్చు.

పీఈఎస్ అంతా ఎఫ్ఎఫ్ గానీ, అంతా 00 గానీ వస్తోంది

ఎఫ్ఎఫ్ అంటే ఎనిమిది బిట్లూ 1, 00 అంటే అన్నీ 0. చిప్ ఎడిట్ మోడ్‌లోకి, అంటే లోపలి మెమరీని చదివి రాయనిచ్చే స్థితిలోకి, వెళ్లలేదు. 2వ పిన్నుకి ఎక్కువ వోల్టేజీ అందితేనే అది ఆ మోడ్‌లోకి వెళ్తుంది. లేకపోతే మామూలు లాజిక్ చిప్‌లాగే ఉండిపోతుంది, మనం 12వ పిన్నులో చదివేది డేటా కాదు, ఏదో ఒక అవుట్‌పుట్. గాల్16వీ8డీ లాంటి తర్వాతి వెర్షన్లలో అన్ని పిన్నులకీ లోపలే పుల్-అప్ (పిన్నుని 1 వైపు లాగి ఉంచే ఏర్పాటు) ఉంటుంది, అందుకే ఎక్కువగా ఎఫ్ఎఫ్‌లు కనిపిస్తాయి.

చిప్ తీసేసి, వోల్టేజీ ఆన్‌లో ఉంచి, సాకెట్ 2వ కాలికీ 10వ కాలికీ మధ్య మీటరు పెట్టండి. మాడ్యూలు దగ్గర కొలిచి సరిపెట్టుకుంటే లాభం లేదు. నా మొదటి బోర్డులో మాడ్యూలు దగ్గర 12.0 ఉండేది, సాకెట్ దగ్గర 11.3 మాత్రమే. ట్రాన్సిస్టర్‌ని ఎమిటర్ ఫాలోయర్‌గా పెట్టాను, 0.7 వోల్టు అక్కడే ఆగిపోయింది. పైనుంచి పీఎన్‌పీ ట్రాన్సిస్టర్, దాని బేస్‌ని కిందికి లాగడానికి ఒక ఎన్‌పీఎన్, ఇలా మార్చాక నష్టం దాదాపు పోయింది. ఖాళీ సాకెట్ మీద కొలిచాక 2వ కాలికీ గ్రౌండ్‌కీ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి మళ్లీ కొలవండి. అప్పుడు పడిపోతే స్విచ్చింగ్‌లోనే లోపం.

ఎంటీ3608 మీదున్న చిన్న స్క్రూ తిప్పినా వోల్టేజీ కదలట్లేదని మాడ్యూలు పారేసేవాళ్లున్నారు. చాలా మాడ్యూళ్లలో పది పదిహేను చుట్లు తిప్పేదాకా ఏ మార్పూ కనిపించదు. ఓపిగ్గా తిప్పండి, కానీ సాకెట్‌లో చిప్ లేకుండా.

పీఈఎస్ వస్తోంది, కానీ కోడు వేరేగా ఉంది

నాకు అన్నిటికన్నా ఇష్టమైన లోపం ఇది, ఎందుకంటే తప్పే తన అడ్రసు చెబుతుంది. లాటిస్ కోడు ఏ1, అంటే బిట్లలో 10100001. మీకు 85 వస్తే బిట్లు తిరగబడ్డాయి: మొదట వచ్చినదాన్ని చివర పెడుతున్నారు, ప్రోగ్రామ్‌లో ఆ వరస మార్చండి. 42 గానీ 43 గానీ వస్తే అంతా ఒక బిట్ ఎడమకి జరిగింది. 50 గానీ డీ0 గానీ వస్తే కుడికి జరిగింది. ఈ రెండిట్లోనూ 8వ పిన్ను క్లాక్ ఇచ్చేముందు చదవాల్సింది తర్వాత చదువుతున్నారు, లేదా తర్వాత చదవాల్సింది ముందు చదువుతున్నారు.

ఒకసారి ఏ1, ఇంకోసారి ఇంకేదో వస్తుంటే అది ప్రోగ్రామ్ తప్పు కాదు. 20వ కాలికీ 10వ కాలికీ మధ్య, చిప్‌ని ఆనుకుని 100 నానోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ ఉందా చూడండి. బ్రెడ్‌బోర్డు మీద జానెడు వైర్లతో కడితే క్లాక్ అంచు దగ్గర సిగ్నల్ ఊగి, ఒక పల్స్ రెండుగా లెక్కపడుతుంది. వైర్లు పొట్టివి చెయ్యండి, సాకెట్ కాళ్లు శుభ్రం చెయ్యండి.

కోడు 20 వస్తే కంగారు వద్దు, అది ఎస్‌టీ చిప్. 8ఎఫ్ వస్తే నేషనల్. పైన అచ్చయిన పేరు ఒకటి, లోపలి కోడు ఇంకొకటి అయితే ఎవరో పాత చిప్ చెరిపి కొత్త అచ్చు వేశారని అర్థం. పీఈఎస్‌నే నమ్మండి. ఆట్మెల్ ఏటీఎఫ్16వీ8 చిప్‌ల అమరిక మాత్రం వేరు, వాటి రకాన్ని ప్రోగ్రామ్‌లో మనమే ఎంచుకోవాలి.

చిప్ వేడెక్కుతోంది

వెంటనే తీసెయ్యండి. తిప్పి పెట్టలేదని ఖాయమైతే, వోల్టేజీలు వచ్చే వరస చూడండి. ముందు 20వ కాలికి 5 వోల్టులు, తర్వాత 2వ కాలికి ఎక్కువ వోల్టేజీ. ఆపేటప్పుడు దీనికి సరిగ్గా ఉల్టా. ఈ వరస తప్పి నేనొక మంచి చిప్ పోగొట్టుకున్నాను, ప్రోగ్రామ్‌లో మాత్రం వరస సరిగ్గానే ఉంది. కారణం యూనో. కంప్యూటర్ నుంచి సీరియల్ పోర్టు తెరవగానే అది రీసెట్ అవుతుంది, ఆ క్షణంలో దాని పిన్నులన్నీ పైకీ కిందికీ కాకుండా తేలుతూ ఉంటాయి. స్విచ్చింగ్ ట్రాన్సిస్టర్ బేస్ కూడా అలాగే తేలింది, దానంతటదే ఆన్ అయిపోయింది. ఎన్‌పీఎన్ బేస్ నుంచి గ్రౌండ్‌కి ఒక 10 కిలో ఓమ్ రెసిస్టర్ వేస్తే ఆ బెడద పోయింది.

చెరిపినా చెరగట్లేదు

చెరిగిన గాల్‌లో అన్ని బిట్లూ 1 రావాలి. అక్కడక్కడా 0లు మిగిలితే వోల్టేజీ తక్కువైంది, లేదా పల్స్ చాలలేదు. కొత్త వెర్షన్లకి 12 వోల్టుల దగ్గర సరిపోతుంది, పాత వాటికి 16 దాటాల్సి రావచ్చు. ఊహించకుండా పీఈఎస్ చెప్పినదే ఇవ్వండి. ఏమీ మారకపోతే 19వ పిన్ను చూడండి. అది పైనుంటే రాయడం, కిందుంటే చదవడం. వైరు ఊడి అది కిందే ఉండిపోతే 11వ పిన్ను మీద ఎన్ని పల్స్‌లు ఇచ్చినా చిప్‌లో ఏదీ మారదు.

రాశాక సరిచూస్తే తేడాలు

తేడా వచ్చిన ఫ్యూజు నంబరుని (గాల్‌లో నిజం ఫ్యూజులు లేకపోయినా ఒక్కో లాజిక్ బిట్‌ని అలాగే పిలుస్తారు) 32తో భాగించండి. శేషం చిప్ లోపలి వరస నంబరు. 17, 49, 81 దగ్గర తేడాలొస్తే మూడిటికీ శేషం 17, అంటే తప్పంతా ఒక్క వరసలోనే ఉంది. ఏ వరసకీ చెందకుండా చెల్లాచెదురుగా ఉంటే మళ్లీ వోల్టేజీ దగ్గరికే వెళ్లండి.

రెండేసి వరసలు అచ్చం ఒకేలా చదువుతున్నాయంటే వరస నంబరుని చిప్‌కి చెప్పే అడ్రసు వైరు ఒకటి పనిచెయ్యట్లేదు. 16, 17 ఒకటే అయితే 18వ పిన్నుకి వెళ్లే వైరు. 0, 16 ఒకటే అయితే 6వ పిన్నుది. పీఈఎస్ సరిగ్గా వచ్చింది కాబట్టి అడ్రసు వైర్లన్నీ బాగానే ఉన్నాయనుకుంటాం, అక్కడే పప్పులో కాలేస్తాం. 58 అంటే 111010. 6వ పిన్ను ఎప్పుడూ పైనే ఇరుక్కుపోయినా 58 చక్కగా చదువుతుంది. చెరిపే వరస 63, అందులో అన్నీ 1లే, కాబట్టి అదీ పట్టించదు. సాకెట్ ఖాళీగా ఉంచి 18, 3, 4, 5, 6, 7 పిన్నులని ఒక్కొక్కటీ పైకీ కిందికీ ఆడించి మీటరుతో చూసుకోవడమే దారి.

ఫైలు తీసుకోవట్లేదు

చిప్‌లో రాయాల్సిన బిట్లన్నీ ఉండే ఫైలులో క్యూఎఫ్ అన్నచోట నంబరు, అంటే మొత్తం ఫ్యూజుల లెక్క, చూడండి. 16వీ8కి 2194, 20వీ8కి 2706, 22వీ10కి 5892. 22వీ10కి 5828 ఉంటే ఫైలు పాల్‌సీఈ రకానిది, చివరి 64 సంతకం బిట్లు (రాసినవాళ్లు తమ గుర్తు పెట్టుకునే చోటు) అందులో ఉండవు. నంబరు సరే, చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా అందిందో లేదో చూసే మొత్తం) కలవట్లేదంటే దారిలో అక్షరాలు పడిపోతున్నాయి. యూనో సీరియల్ బఫర్ 64 బైట్లే. ఫైలులో ఒక లైను పంపి, అందిందని జవాబొచ్చాకే రెండోది పంపాలి.

సరిచూస్తే అంతా సరే, బోర్డులో పనిచెయ్యదు

గాల్16వీ8 మూడు మోడ్‌లలో ఒకదానిలో పనిచేస్తుంది: సింపుల్, కాంప్లెక్స్, రిజిస్టర్డ్ (క్లాక్ వచ్చినప్పుడే విలువ మార్చుకునే రిజిస్టర్లు వాడేది). రిజిస్టర్డ్ మోడ్‌లో 11వ పిన్ను అవుట్‌పుట్ ఎనేబుల్. దాన్ని గ్రౌండ్‌కి కలపకపోతే రిజిస్టర్ అవుట్‌పుట్‌లన్నీ తెగిపోయినట్టే. ఒక్క అవుట్‌పుట్‌కి రిజిస్టర్ వాడినా చిప్ మొత్తం ఆ మోడ్‌లోకి వెళ్తుంది, 1వ పిన్ను క్లాక్ అవుతుంది. పాత బోర్డులో ఆ రెండు కాళ్లూ మామూలు ఇన్‌పుట్‌లైతే డిజైనే మార్చుకోవాలి. కాంప్లెక్స్ మోడ్‌లో 12, 19 పిన్నుల నుంచి సిగ్నల్ వెనక్కి లోపలికి రాదు, సింపుల్‌లో 15, 16 నుంచి రాదు. 16ఎల్8 పాల్ బదులు పెట్టే గాల్ కాంప్లెక్స్‌లో ఉండాలి, 16ఆర్8 బదులు పెట్టేది రిజిస్టర్డ్‌లో.

పాత బోర్డు నుంచి తీసిన చిప్ సరిగ్గా చదవట్లేదు

32వ వరసలోని సంతకం చదవండి. అది అర్థవంతంగా వచ్చి, మిగతా వరసలు రాకపోతే, డిజైన్ ఎవరూ చదవకుండా ఆపే సెక్యూరిటీ బిట్ వేసి ఉంది. ప్రోగ్రామర్‌లో లోపం లేదు. ఆ బిట్ తీసెయ్యాలంటే మొత్తం చెరపాల్సిందే, దాంతో డిజైన్ కూడా పోతుంది. బోర్డులో ఇంకా పనిచేస్తున్న చిప్ అయితే దయచేసి చెరపకండి. ఇన్‌పుట్‌లు ఒక్కొక్కటీ మార్చి అవుట్‌పుట్‌లు రాసుకుంటే రిజిస్టర్లు లేని డిజైన్‌ని తిరిగి రాబట్టవచ్చు. అసలైన పాల్ చిప్‌ల జోలికి ఈ ప్రోగ్రామర్‌తో వెళ్లకండి, వాటి ఫ్యూజులు కాల్చే పద్ధతే వేరు.

పొరపాటున 58వ వరస చెడగొట్టుకున్న చిప్‌ని పారెయ్యక్కర్లేదు. మీద ఒక చుక్క రంగు పెట్టి, రకం, వోల్టేజీ చేత్తో ఇచ్చి రాయండి. లాజిక్ వరసలు బాగుంటే అది బోర్డులో మామూలుగానే పనిచేస్తుంది.